ఆగిన నెలసరి: పాత హకీములు ముందు అడిగిన ప్రశ్నలు

(సొసైటీ వార్షిక సమావేశంలో మహిళల సభలో చేసిన ప్రసంగానికి వ్రాతరూపం)





నాకు ఇచ్చిన విషయం ‘తొలినాటి వైద్యంలో ఆడపిల్లలకు నెలసరి రాకపోవడం, దాని చికిత్స’. బయట బోర్డు మీద మాత్రం ‘స్త్రీల ఆరోగ్యం’ అని రాశారు. ఫరవాలేదు. హయా మనకు ఈమాన్‌లో భాగమే. కానీ దైవప్రవక్త (స) కాలంలో ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) అనే ఆవిడ స్వయంగా ఆయన దగ్గరికి వెళ్ళి, రక్తస్రావం ఆగడం లేదు, నమాజు మానెయ్యాలా అని అడిగారు. ఆయన విసుక్కోలేదు, ముఖం తిప్పుకోలేదు. అది హైజ్ కాదు, ఒక నరం నుంచి వచ్చే రక్తం అని విడమరిచి చెప్పారు. అంటే ఏది మామూలు నెలసరి, ఏది జబ్బు అని తేడా చూపించారు. దీన్ నేర్చుకోవడానికి సిగ్గును అడ్డం రానివ్వనందుకు అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. ఆ స్త్రీలు అడిగారు కాబట్టే మనకు ఇవాళ హైజ్ మసాయిల్ తెలుసు. ఇక్కడ మగవాళ్ళు లేరు, మైకు బయటికి పెట్టలేదు. కాబట్టి ఉన్నమాట ఉన్నట్టు మాట్లాడుకుందాం.

ముందు ఒక ఇంటి సంగతి. మన ఇళ్ళల్లో ఎదిగిన ఆడపిల్ల రంజాన్‌లో అన్ని రోజాలూ వరసగా ఉండలేదు. నాలుగైదు రోజులు తప్పుతాయి, తర్వాత ఖజా చేసుకుంటుంది. పదహారేళ్ళ పిల్ల రెండు రంజాన్లు వరసగా ఒక్క రోజా కూడా తప్పకుండా ఉందనుకోండి, ఇంటిల్లిపాదీ మాషా అల్లాహ్ అంటారు. తల్లి మాత్రం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. (అబ్బా, అన్నయ్యల ఎదుట సిగ్గుపడి రోజా ఉన్నట్టు నటించే పిల్లలు వేరు. వాళ్ళ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు.) నెలసరి రాని పిల్ల ఎవరికీ కనిపించదు. రక్తం ఎక్కువ పోతే కంగారుపడి తీసుకొస్తారు. రాకపోతే ‘పోనీలే, హాయిగా ఉంది’ అని ఊరుకుంటారు. పెళ్ళిమాటలు మొదలైన రోజున గుండె గుభేలుమంటుంది.

ఇప్పుడు పాత వైద్యానికి వెళ్దాం. నేను యునానీ చదివినదాన్ని. యునానీ అంటేనే యునాన్, అంటే గ్రీసు దేశం. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

బుఖ్రాత్ అని మన హకీములు పిలిచే హిపోక్రటీస్ పేరు మీద ఉన్న గ్రంథాల్లో పెళ్ళికాని ఆడపిల్లల జబ్బుల గురించి చాలా చిన్న రచన ఒకటి ఉంది. రెండు మూడు పేజీలకు మించదు. క్రీస్తుకు నాలుగైదు వందల ఏళ్ళ ముందటి మాట. అందులో ఉన్నది ఇది: రజస్వల అయ్యే వయసులో రక్తం బయటికి పోవడానికి దారి దొరక్కపోతే అది గుండె వైపు, ఊపిరికండరం వైపు ఎగదన్నుతుంది. అప్పుడు పిల్ల మతి చెదిరి మాట్లాడుతుంది, లేనివి చూసి భయపడుతుంది, ఉరేసుకోవాలనుకుంటుంది, బావిలో దూకాలనుకుంటుంది. అలాంటి పిల్ల కుదుటపడితే సోదెగాళ్ళ మాట విని ఆడవాళ్ళు తమ ఖరీదైన బట్టలు ఆర్తెమిస్ అనే దేవతకు సమర్పించేవాళ్ళట. ఆ రచయిత దీన్ని మోసం అంటాడు. ఇదంతా ఒంట్లోని రక్తం సంగతి, దేవత సంగతి కాదంటాడు. రెండున్నర వేల ఏళ్ళ నాడు అలా అన్నాడంటే మెచ్చుకోవాల్సిందే. మనవాళ్ళు ఇప్పటికీ తాయెత్తు కట్టించి, నిమ్మకాయ తిప్పించి, ‘సాయా ఉంది’ అని దర్గాల చుట్టూ తిప్పుతున్నారు.

అయితే తర్వాత వాక్యంలోనే అతను చెప్పిన మందు ఏమిటో తెలుసా? వెంటనే పెళ్ళి చేసెయ్యండి. గర్భం వస్తే అంతా సర్దుకుంటుంది. అంతే!

ఈ ఒక్క సలహా ఎంత దూరం నడిచిందో చూడండి. 1554లో యోహానెస్ లాంగే అనే జర్మన్ వైద్యుడు ఒక తండ్రికి రాసిన ఉత్తరం అచ్చయింది. పెళ్ళీడు కూతురు పాలిపోయింది, మెట్లెక్కితే ఆయాసం, మాంసం ముట్టదు, నెలసరి లేదు. సంబంధాలు వస్తున్నాయి, ఏం చెయ్యమంటారని తండ్రి బాధ. లాంగే ఆ పాత గ్రీకు రచననే పట్టుకుని, ఆ పిల్లకు పెళ్ళి చేసెయ్యి అన్నాడు. ఈ జబ్బుకు తర్వాత యూరప్‌లో ‘క్లోరోసిస్’ అని పేరు పెట్టారు, పచ్చగా పాలిపోయే రోగం అన్నమాట. ఆ పిల్లల్లో చాలామందికి ఉన్నది ఇనుము లోపం అని ఇవాళ మనం అనుకుంటాం. 1681లో ఇంగ్లండులో సిడన్‌హామ్ అనే వైద్యుడు ఇలాంటి పాలిపోయిన రోగులకు ఇనుప రజను ఇవ్వమని రాశాడు. 1832లో ఫ్రాన్సులో బ్లో అనే వైద్యుడు ఇనుము మాత్రలు తయారుచేశాడు. పెళ్ళి అక్కర్లేకుండానే పిల్లల ముఖాల్లోకి రంగు వచ్చింది.

బుఖ్రాత్ దగ్గరే ఆగిపోతే మన పాత వైద్యానికి అన్యాయం చేసినట్టే. ఆ తర్వాత వచ్చినవాళ్ళు చాలా భిన్నంగా ఆలోచించారు.

క్రీస్తు తర్వాత రెండో శతాబ్దం మొదట్లో రోము నగరంలో ఎఫెసస్‌కు చెందిన సొరానస్ అనే వైద్యుడు స్త్రీల జబ్బుల మీద, మంత్రసానులకు పనికొచ్చేలా ఒక పెద్ద పుస్తకం రాశాడు. నెలసరి లేదు అనగానే మందు ఇవ్వొద్దు, ముందు అది జబ్బేనా చూడు అంటాడు. వయసు రాలేదేమో, వయసు దాటిందేమో, గర్భమేమో. ఆటపోటీల్లో పాల్గొనేవాళ్ళు, గట్టిగా కసరత్తు చేసేవాళ్ళు, పాటకత్తెలు కూడా కొందరు ముట్టవ్వరు, ఎందుకంటే ఒంట్లో మిగులు ఉండదు, శ్రమకే ఖర్చయిపోతుంది అంటాడు. ఈ రోజు కూడా పరుగుపందేల పిల్లలకు, తిండి మానేసి సన్నబడాలనుకునే పిల్లలకు నెలసరి ఆగిపోవడం డాక్టర్లు చూస్తున్నారు. తిన్న శక్తి శ్రమకు చాలకపోతే మెదడు నెలసరిని ఆపేస్తుంది. సొరానస్‌కు హార్మోన్ల పేర్లు తెలియవు, లెక్క మాత్రం తెలిసింది. ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. నెలసరి మామూలుగా పద్నాలుగో ఏట మొదలవుతుందని, అది రాకముందు పిల్లకు కాపురం తగదని ఆయన రాశాడు. నెలసరి రావడానికి పెళ్ళి చెయ్యమని బుఖ్రాత్ పేరున రాసినవాడు అంటే, వచ్చేదాకా ఆగమని ఈయన అన్నాడు.

ఇక్కడి నుంచి మన హకీముల కాలం. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్, ఆయన బృందం జాలీనూస్ (గాలెన్) గ్రంథాలను అరబీలోకి తెచ్చారు. రయ్ పట్టణానికి చెందిన అబూ బక్ర్ రాజీ రోగుల సంగతులు, చదివిన పుస్తకాల సారం నోట్సుగా రాసి పెట్టుకున్నారు. 925 ప్రాంతంలో ఆయన పోయాక అవి ‘అల్ హావీ’ పేరుతో పుస్తకమయ్యాయి. ఈ అల్ హావీ అరబీ మూలాన్ని 23 భాగాలుగా అచ్చువేసింది ఎవరో తెలుసా? మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. 1888లో మొదలైన సంస్థ అది. 1955 నుంచి ఒక్కొక్క భాగం తెచ్చారు. ప్రపంచంలో రాజీ మీద పరిశోధన చేసేవాళ్ళు ఇవాళ్టికీ హైదరాబాదు ప్రతి అని చెప్పుకుంటారు. ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోనే ఉంది, మన పిల్లల్లో ఎంతమంది చూశారో!

ఇదే రాజీ, వైద్యుడు అందుబాటులో లేనివాళ్ళ కోసం ఒక పుస్తకం విడిగా రాశారు. పదో శతాబ్దంలో ట్యునీషియాలోని ఖైరవాన్‌లో ఇబ్నుల్ జజ్జార్ అని మరొక హకీం ఉండేవారు. ఆయన పేదల కోసమే ‘తిబ్బుల్ ఫుఖరా’ రాశారు. ఖరీదైన మందులు కొనలేనివాడికి పెరట్లో, వంటింట్లో దొరికేవాటితో వైద్యం. రోగుల చేతి నుంచి ఆయన డబ్బు తీసుకునేవారు కాదట. వాకిట్లో ఒక పంచ కట్టి, మందులన్నీ అక్కడ పెట్టి, ఇవ్వడం, తీసుకోవడం నౌకరుకు అప్పగించారు. మన సొసైటీ నడిపే మందుల బల్ల దగ్గర ఈ పేరు ఎవరైనా రాసి పెడితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

ఇబ్నుల్ జజ్జార్ రాసిన ‘జాదుల్ ముసాఫిర్’, అంటే ప్రయాణికుడి దారిబత్తెం, ఆరో భాగంలో నెలసరి ఆగిపోవడం మీద ఒక అధ్యాయం ఉంది. దాన్ని పదకొండో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ అనే ఆఫ్రికావాడు ఇటలీలోని మఠంలో కూర్చుని లాటిన్‌లోకి మార్చాడు. ఇటలీలోని సలెర్నోలో స్త్రీల జబ్బుల మీద వచ్చిన పుస్తకాల్లో ఒకటి దాని ఆధారంగానే రాసింది. వాటినే కలిపి ‘ట్రోటులా’ అంటారు. అందులో ఒక ముచ్చట ఉంది. అక్కడి ఆడవాళ్ళు నెలసరిని ‘పూలు’ అనేవాళ్ళు. పూత లేనిదే కాయ లేదు కదా, అందుకని. మన తెలుగులో పుష్పవతి అంటామే, అదే మాట. సముద్రాల అవతలి ఆడవాళ్ళకూ మన అమ్మమ్మలకూ ఒకే పోలిక తట్టింది.

సరే, బుఖారా దగ్గర 980లో పుట్టిన ఇబ్న్ సీనా సంగతికి వద్దాం. ‘అల్ ఖానూన్’ మూడో భాగంలో గర్భాశయం జబ్బుల మధ్య ఎహ్తెబాసె తమ్స్, అంటే నెలసరి నిలిచిపోవడం, గురించి రాశారు. మందుల పట్టిక వెతుక్కుంటూ పుస్తకం తెరిచినవాడికి విసుగొస్తుంది. ఎందుకంటే ముందు ప్రశ్నలే ప్రశ్నలు. లోపం గర్భాశయంలో ఉందా, ఒళ్ళంతటిలో ఉందా? రక్తం తక్కువై రావడం లేదా, ఉన్న రక్తం చిక్కబడి రావడం లేదా, దారి మూసుకుపోయిందా? పిల్ల సరిగా తింటోందా? పని ఎక్కువ చేస్తోందా? చిక్కిపోయిందా, బాగా లావెక్కిందా? ఒళ్ళు చల్లగా ఉంటుందా, వేడిగానా? తిండి తక్కువై రక్తం తగ్గిన పిల్లకు వైద్యం విశ్రాంతి, మంచి ఆహారం. లావెక్కిన దానికి ఒళ్ళు తగ్గించే పద్ధతి. దారి మూసుకుపోయిన దానికి మందు పనిచెయ్యదు, శస్త్రమే. ఒకే లక్షణం, మూడు మనుషులు, మూడు వైద్యాలు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఇదే. ఆ హకీముల దగ్గర గొప్పది వాళ్ళ మందు కాదు, మందుకు ముందు అడిగిన ఈ ప్రశ్నల వరస. మన వీధుల్లో ఏమైందంటే, వరస పోయింది, మందు మిగిలింది. దాంతోపాటు ఆ అతి పాత సలహా, పెళ్ళి చేసెయ్యండి అన్నది, చెక్కుచెదరకుండా మిగిలింది.

మందుల సంగతి కొంచెం చూద్దాం. నెలసరి తెచ్చే మందుల్ని హకీములు ముదిర్రె హైజ్ అంటారు. మెంతులు, సోంపు, దాల్చిన చెక్క, కుంకుమపువ్వు, అబ్‌హల్, సదాప ఆకు, పుదీనా జాతి ఘాటు మొక్కలు ఇందులో ఉంటాయి. కొన్నిటిని కషాయంగా ఇచ్చేవాళ్ళు. కొన్నిటిని వేడినీళ్ళలో వేసి ఆ నీళ్ళలో నడుముదాకా కూర్చోబెట్టేవాళ్ళు, ఆబ్‌జన్ అంటారు. రక్తం బాగా పట్టి, ముఖం ఎర్రగా ఉన్నవాళ్ళకు చీలమండ దగ్గర సాఫిన్ అనే నరంలో నుంచి రక్తం తీసేవాళ్ళు, లేదా పిక్కల మీద హిజామా పెట్టేవాళ్ళు. ఆ సాఫిన్ పేరే లాటిన్ ద్వారా వెళ్ళి ఇవాళ ‘సఫీనస్ వెయిన్’ అయింది. గుండె బైపాస్ ఆపరేషన్‌కు కాలిలో నుంచి తీసేది అదే. హిజామా ఈ మధ్య మళ్ళీ బాగా నడుస్తోంది కదా, అందుకే గట్టిగా చెబుతున్నాను. పాలిపోయిన పిల్లకు, చిక్కిపోయిన పిల్లకు రక్తం తియ్యమని ఏ హకీం చెప్పలేదు. పుష్టిగా ఉన్నవాళ్ళకే చెప్పారు. ఈ కాలంలో అయితే నెలసరి కోసం ఎవరికీ ఆ అవసరమే లేదు.

ఈ మందుల్లో కొన్ని మెత్తనివి. సోంపు నీళ్ళు తాగితే ఎవరికీ ఏమీ కాదు. మన తెలుగు ఇళ్ళల్లో సమర్తాడిన పిల్లకు నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెడతారు. సుశ్రుతుడి గ్రంథంలో కూడా నెలసరి పోయినవాళ్ళకు నువ్వులు, మినుములు, ఉలవలు, చేపలు పెట్టమని ఉంది. అది తిండి. దాన్ని కాదనేవాళ్ళు ఎవరూ లేరు. కానీ అబ్‌హల్, సదాప, ఘాటు పుదీనా నూనెలు తిండి కాదు. పాత హకీములే వీటిని గర్భం పోగొట్టే మందుల వరసలో కూడా రాశారు. అందుకే గర్భం లేదని తేల్చుకోకుండా ముదిర్ర్ ఇవ్వడం వాళ్ళ దృష్టిలో పెద్ద తప్పు. 1978లో అమెరికాలోని కొలరాడోలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి పెన్నీరాయల్ అనే పుదీనా జాతి నూనె తాగి కాలేయం చెడి చనిపోయింది. ఆకు కదా, ఏం చేస్తుందిలే అనుకోవద్దు.

ఇంగ్లీషు మందులవాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. మన సందు చివర మెడికల్ షాపులో ‘నెల తప్పింది’ అనగానే చిన్న మాత్రల షీటు చేతిలో పెడతాడు. కొన్ని రోజులు మింగి మానేస్తే చాలామందికి రక్తం కనిపిస్తుంది. ‘వచ్చింది’ అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ నెల వచ్చింది నిజమే. ఎందుకు ఆగిందో ఎవరూ అడగలేదు. రెండు నెలల తర్వాత మళ్ళీ అదే షాపు. డాక్టరు పరీక్ష చేసి, కారణం చూసి అదే మాత్ర ఇస్తే అది వైద్యం. షాపువాడు ఇస్తే అది కూడా గుడ్డి ముదిర్రే.

ఇంకో పాత నమ్మకం ఉంది. రాని రక్తం లోపలే పేరుకుని, చెడిపోయి, తలకెక్కుతుందని. బుఖ్రాత్ కాలం నుంచి ఇబ్న్ సీనా దాకా అందరూ దాదాపు ఇలాగే అనుకున్నారు, మన నానీలూ అదే అంటారు. ఇది నిజం కాదు. నెలసరి రాని చాలామందిలో లోపల రక్తం ఏమీ నిలవ ఉండదు. గర్భాశయం లోపలి పొర పెరగడానికి అండాశయం నుంచి సంకేతం రాలేదు, అంతే. అయినా ఊరుకోకూడదు, ఎందుకంటే ఆ సంకేతం ఏళ్ళ తరబడి లేకపోతే ఎముకలు బలహీనపడతాయి. ఇంకొందరిలో పొర పెరుగుతుంది కానీ రాలదు. అది ఏళ్ళ తరబడి సాగితే తర్వాత చెడు చేస్తుంది.

రక్తం నిజంగానే లోపల నిలిచేది ఒక చోట ఉంది. పుట్టుకతోనే కింద దారికి పొర మూసుకుని ఉంటే నెలనెలా కడుపునొప్పి వస్తుంది, రక్తం బయటికి రాదు, పొత్తికడుపు మెల్లగా ఉబ్బుతుంది. అబుల్ ఖాసిం జహ్‌రావీ (కొర్దోబా, 936–1013) ‘అత్తస్రీఫ్’ ముప్పయ్యో భాగంలో దీనికి రత్ఖా అని పేరు పెట్టి, పొరను ఎలా తెరవాలో, మళ్ళీ అతుక్కోకుండా ఏం చెయ్యాలో రాశారు. ఇవాళ ఇది చాలా చిన్న ఆపరేషన్. కానీ ఆలోచించండి, పెళ్ళికాని పిల్ల, నెలసరి లేదు, కడుపు ఉబ్బింది. ఇంట్లో మొదట వచ్చే అనుమానం ఏమిటి? ఆ పిల్ల మీద ఎన్ని దెబ్బలు పడతాయి? స్కానింగ్‌కు అరగంట పట్టదు.

గ్రీకు పుస్తకాల్లోనే ఫైతూసా అని ఒక ఇల్లాలు కనిపిస్తుంది. అబ్దేరా ఊరి మనిషి. భర్తను దేశం నుంచి వెళ్ళగొట్టాక ఆమెకు నెలసరి ఆగిపోయింది, ఒళ్ళంతా వెంట్రుకలు, గడ్డం వచ్చాయి, గొంతు మొరటయింది. వైద్యులు ఎన్నో విధాల ప్రయత్నించి ఓడిపోయారు, ఆమె చనిపోయింది. ఆమెకు ఏ జబ్బో ఇంత దూరం నుంచి చెప్పలేం. కానీ నెలసరి ఆగడం, ముఖం మీద వెంట్రుకలు ఈ రెండూ కలిసి వస్తే కారణం ఒకటేనని వాళ్ళు గమనించారు. ఇవాళ మన పిల్లల్లో గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు, బరువు, నెలలు తప్పడం కలిసి కనిపించేది ఎక్కువగా పి.సి.ఓ.ఎస్. అది ప్రాణం తీసేది కాదు. బరువు తగ్గితే చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. లావైన పిల్లకు ఒళ్ళు తగ్గించమన్న పాత మాట ఇక్కడ సరిగ్గా సరిపోయింది. అయితే గొంతు మారడం, కొద్ది నెలల్లోనే గడ్డం రావడం ఉంటే ఆలస్యం చెయ్యకుండా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఎప్పుడు వెళ్ళాలి అని అడుగుతారు. పదమూడేళ్ళు నిండినా రొమ్ములు రావడం మొదలుకాకపోతే వెళ్ళండి. పదిహేనేళ్ళు నిండినా మొదటి నెలసరి రాకపోతే వెళ్ళండి. సరిగా వస్తూ వస్తూ మూడు నెలలు ఆగితే వెళ్ళండి. మొదట్లో రెండేళ్ళు కొంచెం అటూఇటూ అవడం మామూలే, దానికి కంగారు వద్దు. ఫిఖ్‌హ్‌లో కూడా ఈ పదిహేను కనిపిస్తుంది. నెలసరి రాని ఆడపిల్లను ఎప్పటి నుంచి బాలిగా అనాలి అన్న ప్రశ్నకు ఇమాం అబూ హనీఫా (రహ్మ) పదిహేడు అన్నారు. ఆయన శిష్యులు ఇద్దరూ, ఇమాం షాఫయీ, ఇమాం అహ్మద్ (రహ్మ) పదిహేనేళ్ళు అన్నారు, చాంద్రమాన లెక్కలో. అలాంటి పిల్లలు ఉంటారని, వాళ్ళ మీద నమాజు, రోజా ఫర్జ్ అని వాళ్ళు మామూలుగానే మాట్లాడుకున్నారు, దాచలేదు.

డాక్టరు దగ్గర చేసేవి పెద్ద పరీక్షలు కావు. గర్భం లేదని తేల్చుకోవడం, హిమోగ్లోబిన్, థైరాయిడ్, కొన్ని హార్మోన్లు, పొట్ట మీద నుంచి స్కానింగ్. పెళ్ళికాని పిల్లకు లోపలి పరీక్ష చేస్తారేమో అని భయపడి చాలామంది రారు. స్కానింగ్ పొట్ట మీద నుంచే చేస్తారు, లేడీ డాక్టరు కావాలని అడగడానికి మీకు హక్కుంది. జహ్‌రావీ కూడా స్త్రీలకు ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చినప్పుడు నేర్పు గల స్త్రీ వైద్యురాలిని వెతకమన్నారు, అలాంటివాళ్ళు తక్కువని చింతించారు. మన పిల్లల్ని డాక్టరు చదివించమని నేను పదేపదే అనేది అందుకే. మన దేశంలో ఇంకో కారణం మరచిపోకూడదు, అది క్షయ. ఊపిరితిత్తులకే కాదు, గర్భాశయానికీ సోకి లోపలి పొరను పాడుచేస్తుంది. తొందరగా కనిపెడితేనే మేలు.

పిల్ల పాలిపోయి ఉంటే ముందు రక్తం చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత అని తేలింది. బడిలో, అంగన్‌వాడీలో వారానికి ఒక నీలం రంగు మాత్ర ఇస్తారు, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పిల్లలు కడుపులో తిప్పుతుందని పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకోమనండి, టీతో మాత్రం వద్దు, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మన ఇళ్ళల్లో అన్నం అవ్వగానే చాయ్ తాగే అలవాటు కూడా ఆ పూట కొంచెం వెనక్కి జరపండి.

ఇక పెళ్ళి సంగతి. అదే సర్వేలో 20–24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మంది. వీళ్ళలో ఎంతమందికి ‘పెళ్ళయితే అదే సర్దుకుంటుంది’ అని చేశారో ఏ సర్వే చెప్పదు. నేను మాత్రం ఆ మాట విన్న నోళ్ళు చూశాను. పెళ్ళి వల్ల థైరాయిడ్ తగ్గదు, క్షయ పోదు, మూసుకున్న దారి ఆ రాత్రి తెరుచుకోదు, ఆ పిల్ల నరకం చూస్తుంది. సుమారు ఐదువేల మందిలో ఒక ఆడపిల్లకు పుట్టుకతోనే గర్భాశయం ఉండదు. పైకి అన్నీ మామూలుగా ఉంటాయి, నెలసరి ఒక్కటే రాదు. అలాంటి పిల్లకు చెప్పకుండా, అబ్బాయివాళ్ళకు చెప్పకుండా నికా చేస్తే ఆర్నెల్లలో తలాఖ్ కాగితంతో తిరిగొస్తుంది, నేరం ఆమెదే అయినట్టు. ముందే తెలిస్తే ఆమె చదువుకుంటుంది, ఉద్యోగం చేస్తుంది, విషయం తెలిసి ఒప్పుకున్నవాణ్ణి, పిల్లలున్న భార్య పోయినవాణ్ణి చేసుకోవచ్చు. అది ఆమె నిర్ణయం.

మన సొసైటీ ఏటా పేద ఆడపిల్లల పెళ్ళిళ్ళకు సాయం చేస్తోంది. మంచం, బీరువా, గిన్నెలు ఇస్తున్నారు, అల్లాహ్ దాతలకు బర్కత్ ఇవ్వాలి. నేను కార్యవర్గాన్ని ఒకటే అడుగుతున్నాను. దరఖాస్తు తీసుకునేటప్పుడు పిల్ల తల్లిని పక్కకు పిలిచి మన మహిళా కార్యకర్త ఒక్క మాట అడగాలి, నెలసరి సరిగా వస్తోందా అని. రావడం లేదంటే దరఖాస్తు తిప్పి పంపొద్దు, పేరు రిజిస్టరులో రాయొద్దు, నలుగురిలో మాట పొక్కనివ్వొద్దు. బీరువా డబ్బులో కొంత ఆ పిల్ల పరీక్షలకు, మందులకు ఇవ్వండి. పెళ్ళి తేదీ మూడు నెలలు జరిగినా కొంప మునగదు. జకాత్ సొమ్ము తీసుకోవడానికి అర్హత ఉన్న పిల్లకు ఆ సొమ్ముతో వైద్యం చేయించవచ్చా అన్నది ముఫ్తీ సాహెబ్‌ను కనుక్కుని వచ్చే సమావేశంలో చెబుతామని సెక్రటరీ గారు ఒప్పుకున్నారు.

పైన ప్రశ్నలు రాసిన చీటీల్లో ఒకటి ఇంకా నా చేతిలో ఉంది. ‘డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలి?’ అని అడిగారు, పేరు రాయలేదు, మంచిది. ఒక చిన్న పుస్తకం తీసుకెళ్ళండి. గత ఏడాదిలో నెలసరి వచ్చిన తేదీలు, ఎన్ని రోజులు ఉంది, నొప్పి ఉందా, బరువు ఎంత, ఏం మందులు వాడారు, హకీం ఇచ్చినవి, షాపువాడు ఇచ్చినవి, అన్నీ రాసుకోండి. తారీఖులు గుర్తులేకపోతే ఏ రోజాలు తప్పాయో గుర్తుచేసుకోండి, అక్కడి నుంచి లెక్క దొరుకుతుంది. తల్లి తోడు వెళ్ళాలి, కానీ డాక్టరు ఐదు నిమిషాలు పిల్లతో ఒంటరిగా మాట్లాడతానంటే బయట కూర్చోవాలి. మిగతా చీటీలు చాయ్ తర్వాత చూద్దాం.